పనిలో నిర్ణయం ఎవరిది: శాస్త్రీయ యాజమాన్యమూ ఉద్యోగి ప్రేరణా

మేనేజ్‌మెంట్ పాఠ్యగ్రంథాలలో శాస్త్రీయ యాజమాన్యానికి ఒక అధ్యాయాన్నీ, ఉద్యోగుల ప్రేరణకు మరొక అధ్యాయాన్నీ కేటాయించడం ఆనవాయితీ. మొదటి అధ్యాయంలో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుణ్ణి యంత్రంగా మారుస్తాడు. రెండో అధ్యాయంలో ఎల్టన్ మేయో, అబ్రహాం మాస్లో, ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ వరుసగా ప్రవేశించి అతణ్ణి తిరిగి మనిషిని చేస్తారు. చదవడానికి సులువుగా, పరీక్షలో రాయడానికి అనువుగా ఉండే ఈ కథనంలో ఒక వెలితి ఉంది. టేలర్ కార్మికుడి దగ్గరనుంచి తీసుకున్నదేమిటో, ఆ తరువాతివారు అతనికి తిరిగి ఇచ్చిందేమిటో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటి కావని తేలుతుంది. టేలర్ తీసుకున్నది పనిని ఎలా చేయాలో తేల్చుకునే అధికారాన్ని. తరువాతివారు ఎక్కువగా ఇచ్చింది ఆదరణ, గుర్తింపు, బోనస్. పోయినదానికి బదులు వేరొకటి చేతిలో పెట్టి లెక్క సరిపోయిందనుకోవడం వల్ల వచ్చిన చిక్కులను కొన్ని కర్మాగారాల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

1856లో ఫిలడెల్ఫియాలో సంపన్న కుటుంబంలో పుట్టిన టేలర్, చూపు దెబ్బతిన్నదన్న కారణంతో హార్వర్డ్ చదువు ఆలోచన విరమించుకుని, ఒక పంపుల కార్ఖానాలో అప్రెంటిస్‌గా పనినేర్చుకుని, 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో మామూలు కూలీగా చేరి, కొద్దికాలంలోనే లేత్ యంత్రాలపై పనిచేసేవారికి మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీగా అతనికి మొదట ఎదురైన సమస్య కార్మికులు తెలిసి తెలిసి నెమ్మదిగా పనిచేయడం. అప్పట్లో పీసు రేటు, అంటే చేసిన ఒక్కొక్క వస్తువుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కూలి, అమలులో ఉండేది. కార్మికులు చురుగ్గా పనిచేసి ఎక్కువ సంపాదిస్తే యాజమాన్యం వెంటనే ఆ రేటును తగ్గించేది కాబట్టి, నిన్నటి కూలికోసం ఇవాళ రెట్టింపు శ్రమపడే అవస్థ రాకుండా అందరూ కూడబలుక్కుని ఉత్పత్తిని ఒక గీత దగ్గర ఆపేవారు. ఈ నిదానానికి సోమరితనం ఒక్కటే కారణం కాదనీ, రేటు కోతను చూసిన మనిషి తెలివిగా చేసుకున్న లెక్క కూడా అందులో ఉందనీ టేలర్ గుర్తించాడు, రాశాడు కూడా. అతణ్ణి కేవలం గడియారం మనిషిగా చూసేవారు ఈ సంగతిని సాధారణంగా వదిలేస్తారు.

రోగాన్ని సరిగానే పట్టుకున్న టేలర్ మందును మాత్రం మరొక దిక్కున వెతికాడు. ఒక రోజులో న్యాయంగా ఎంత పని జరగగలదో యజమానికీ తెలియదు, కార్మికుడు చెప్పడు; కనుక ఆ పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కొక్క కదలికకు పట్టే కాలాన్ని కొలిచి, అనవసరమైన వాటిని తీసివేసి, మిగిలినవాటిని కూర్చి ప్రామాణిక కాలాన్ని నిర్ణయిస్తే ఇద్దరి మధ్య తగవుకు చోటుండదని అతని నమ్మకం. 1898 నుంచి 1901 వరకు బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో జరిపిన ప్రయోగాలు ఈ నమ్మకానికి పేరు తెచ్చిపెట్టాయి. దాదాపు 42 కిలోల బరువుండే దుక్క ఇనుము దిమ్మెలను మోసి రైలు బండిలో వేసే కూలీ రోజుకు సగటున 12.5 టన్నులు మోస్తుండగా, టేలర్ ఎంపిక చేసిన కార్మికుడు, అతని గ్రంథంలో ష్మిట్ అన్న మారుపేరుతో కనిపించే హెన్రీ నోల్, 47.5 టన్నులు మోశాడని, అతని కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందని 1911లో వెలువడిన శాస్త్రీయ యాజమాన్య సూత్రాల గ్రంథం చెబుతుంది. ఉత్పత్తి దాదాపు నాలుగు రెట్లయితే కూలి 60 శాతం పెరిగిందన్న నిష్పత్తిని పాఠకులే గమనించుకోవలసి ఉంటుంది. కర్మాగారపు దస్తావేజులను తిరగేసిన చరిత్రకారులు 1970లలో ఈ కథనానికీ అసలు జరిగినదానికీ చాలా తేడా ఉందని చూపించారు.

అయినా ఆ ప్రయోగాలలో విలువైనది ఏమీ లేదనడం అన్యాయం. అంత బరువు మోసే మనిషి రోజులో 43 శాతం కాలం మాత్రమే బరువు కింద ఉండాలనీ, మిగిలిన కాలం ఖాళీ చేతులతో ఉండకపోతే కండరాలు తిరిగి కోలుకోవనీ టేలర్ లెక్క తేల్చాడు. విశ్రాంతిని దయాధర్మంగా కాక పనిలో భాగంగా లెక్కించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. పార పని విషయంలోనూ అంతే. అంతకుముందు కూలీలు తమ ఇంటి పారలే తెచ్చుకుని, తేలికైన బొగ్గుపొడికీ బరువైన ఇనుప ఖనిజానికీ ఒకే పార వాడేవారు. పారకు దాదాపు 9.5 కిలోల బరువు ఎత్తినప్పుడు రోజు మొత్తం మీద ఎక్కువ పని జరుగుతుందని కనుగొన్న టేలర్, తేలిక సరుకుకు పెద్ద పారలు, బరువు సరుకుకు చిన్న పారలు చేయించి కర్మాగారం తరఫునే ఇప్పించాడు. పనిముట్టు ఖర్చు కూలీ మీద పడకూడదన్న ఈ మాట నేటికీ మన కట్టడపు పనుల్లో పూర్తిగా అమలు కాలేదు.

టేలర్ పద్ధతికి గుండెకాయ మాత్రం గడియారమూ కాదు, పారా కాదు, ప్లానింగ్ విభాగం. పనివాడి తలలో, చేతిలో తరతరాలుగా పోగుపడిన పనితనాన్ని యాజమాన్యం సేకరించి, సూత్రాలుగా రాసుకుని, ఆలోచన అంతటినీ పనిచేసే చోటునుంచి తీసి ఒక కార్యాలయంలో చేర్చాలనీ, కార్మికుడికి ప్రతి ఉదయం ఏ పని, ఏ పనిముట్టుతో, ఏ క్రమంలో, ఎంతసేపట్లో చేయాలో రాసిన చీటీ అందాలనీ అతని ఏర్పాటు. దుక్క ఇనుము మోసే కూలీ విషయంలో ఈ విభజన అంతగా బాధించదు. పదిహేనేళ్లు అచ్చుపోతలో ఆరితేరిన పనివాడి విషయంలో అది అతని వృత్తిగౌరవాన్ని తాకుతుంది. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో అచ్చుపోత పనివారిలో ఒకడు తన పనికి గడియారం పెట్టడానికి ఒప్పుకోకపోవడం, అతణ్ణి తీసివేయడంతో తక్కినవారు పని మాని బయటికి రావడం, అమెరికా కాంగ్రెసు విచారణ సంఘం వేయడం, ఆ సంఘం ముందు టేలర్ రోజుల తరబడి సమాధానాలు చెప్పవలసిరావడం ఈ కారణంగానే. సైనిక కర్మాగారాలలో స్టాప్‌వాచ్ వాడకాన్నీ, దానికి ముడిపెట్టిన బోనస్‌నూ నిషేధిస్తూ కాంగ్రెసు చేర్చిన షరతు 1949 వరకు కొనసాగింది. ఈ పద్ధతి పెట్టుబడిదారులకే నచ్చిందనుకోవడమూ పొరపాటే: 1918లో లెనిన్ సోవియట్ పరిశ్రమలకు టేలర్ పద్ధతిని అధ్యయనం చేసి అలవరచుకోవాలని సిఫార్సు చేశాడు.

ఆలోచన తీసివేసిన పనిని మనుషులు ఎలా స్వీకరించారో హెన్రీ ఫోర్డు లెక్కలు చెబుతాయి. కదిలే అసెంబ్లీ లైను వచ్చిన 1913లో దాదాపు 14 వేలమందిని నిలబెట్టుకోవడానికి ఆ కంపెనీ ఏడాదిలో 52 వేలమందిని చేర్చుకోవలసివచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనం ఆ వలసను ఆపింది. పని మాత్రం మారలేదు. విసుగుకు వెలకట్టి చెల్లించే ఈ ఏర్పాటు తరువాతి శతాబ్దంలో చాలా సంస్థలకు ఆదర్శమైంది.

షికాగో పక్కన సిసెరో పట్టణంలో టెలిఫోను సామగ్రి చేసే హాథోర్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన, మేయో పేరుతో ముడిపడిన అధ్యయనాలతో ప్రేరణ చరిత్ర మొదలైనట్టు చెప్పుకుంటారు. దీపాల వెలుగు పెంచినా, తగ్గించినా ఉత్పత్తి పెరిగిందనీ, రిలేలు బిగించే ఆరుగురు యువతులను వేరే గదిలో కూర్చోబెట్టి విరామాలు, పనిగంటలు మార్చి చూసినప్పుడు ఏం మార్చినా ఉత్పత్తి పెరుగుతూనే వచ్చిందనీ, తమను పట్టించుకుంటున్నారన్న భావనే అందుకు కారణమనీ ప్రచారంలో ఉన్న కథ. ఆ గదిలో కూలిని ఐదారుగురి ఉత్పత్తిమీదనే లెక్కగట్టడం మొదలైందనీ, మాట వినడంలేదన్న ఫిర్యాదుతో ఇద్దరిని 1928లో మార్చి వేరే ఇద్దరిని తెచ్చారనీ, ఆ తరువాతనే ఉత్పత్తి బాగా పెరిగిందనీ చెప్పేవారు తక్కువ.

దీనికన్నా ఎక్కువ పాఠం ఉన్నది అంతగా పేరురాని మరో గదిలో. 1931 నవంబరు నుంచి 1932 మే వరకు బ్యాంక్ వైరింగ్ గదిలో, అంటే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల స్విచ్చుల వరసలకు తీగలు కలిపే గదిలో, 14 మంది పురుషులను ఏ మార్పూ చేయకుండా ఊరకే గమనించారు. ఎక్కువ చేసినకొద్దీ ఎక్కువ కూలి వచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. అయినా రోజుకు రెండు పరికరాలు పూర్తిచేయడమే తగిన పని అని వారిలో వారే తీర్మానించుకున్నారు. అంతకు మించి చేసేవాడి జబ్బమీద పక్కవాడు పిడికిలితో ఒక దెబ్బ వేసేవాడు. తక్కువ చేసేవాడికీ మాటలు పడేవి. పై అధికారికి చేరవేసేవాడు అందరికీ దూరమయ్యేవాడు. ఒకరోజు ఎక్కువ చేసినవారు దానిని లెక్కలో చూపకుండా దాచుకుని, నెమ్మదిగా సాగిన రోజున కలిపి చెప్పేవారు, అందువల్ల కాగితం మీద ఉత్పత్తి గీత ఎప్పుడూ నిలకడగా ఉండేది. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారు, లేదా కొందరిని తీసేస్తారు అన్నది వారి భయం. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో అది ఉత్త భయమూ కాదు. యాభైయేళ్ల కింద మిడ్‌వేల్‌లో టేలర్ చూసింది కూడా ఇదే. ప్లానింగ్ విభాగం వచ్చిన తరువాత కూడా కార్మికుల ఆలోచన ఎక్కడికీ పోలేదు. పనిని మెరుగుపరచడానికి వీలులేక, పనినుంచి తమను కాపాడుకోవడానికి అది ఖర్చవుతూ వచ్చింది. ప్రేరణ లేదని యాజమాన్యాలు ఫిర్యాదు చేసే చాలాచోట్ల నిజానికి ప్రేరణ దండిగా ఉంటుంది, అది తిరిగిన దిక్కు వేరు.

1943లో మాస్లో అవసరాల వరుసను, 1959లో హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి చేసిన విభజనను, 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్, మనిషి పనిని తప్పించుకోజూస్తాడనే ఎక్స్, తానే బాధ్యత తీసుకోగలడనే వై సిద్ధాంతాలను ప్రకటించారు. మాస్లో పేరుతో ప్రతి శిక్షణ తరగతిలో కనిపించే పిరమిడ్ బొమ్మ అతని వ్యాసంలో లేదన్నది ఇక్కడ చెప్పుకోదగిన సంగతి. వీరిలో హెర్జ్‌బర్గ్ మాటకు ఎక్కువ బరువుంది: జీతం, గది సౌకర్యం, పై అధికారి మర్యాద వంటివి లేకపోతే అసంతృప్తి పుడుతుందే తప్ప అవి ఉన్నంతమాత్రాన పనిమీద ఆసక్తి పుట్టదనీ, ఆసక్తి పనిలోని బాధ్యతనుంచి, సాధించామన్న తృప్తినుంచి వస్తుందనీ అతని నిర్ధారణ. సంస్థలు ఈ నిర్ధారణను మెచ్చుకుని, అమలుకు వచ్చేసరికి బాధ్యతను పక్కన పెట్టి ప్రశంసాపత్రాలు ముద్రించాయి.

ప్రేరణను శిక్షణతో పెంచవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన ప్రసిద్ధ ప్రయోగాలలో ఒకటి తెలుగునేలమీదనే జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లీలాండ్, హైదరాబాదులోని చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, అంటే సీయెట్, తోడ్పాటుతో 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాదుకు పిలిపించి పదేసి రోజుల శిక్షణ ఇప్పించాడు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని ఊరుగా రాజమండ్రిని తీసుకున్నారు. ఒక పనిని నిన్నటికన్నా మెరుగ్గా చేయాలన్న తపనకు మెక్లీలాండ్ సాధన ప్రేరణ అని పేరు పెట్టాడు. బొమ్మలు చూపి కథలు రాయించి ఆ తపనను అంచనా వేయడం, దానిని పెంచే విధంగా ఆలోచించడం నేర్పడం ఆ శిక్షణలో ముఖ్యభాగం. కులాచారాలు, సంప్రదాయ విశ్వాసాలు వ్యాపార చొరవకు అడ్డుపడతాయన్న పాశ్చాత్య అంచనాను ఆ ఫలితాలు బలపరచకపోవడం అందరూ చెప్పుకునే విశేషం. అంతకన్నా గమనించదగినది మరొకటి: సొంత సంస్థలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవారిలో శిక్షణ తరువాత మార్పు స్పష్టంగా కనిపించగా, అటువంటి అధికారం లేనివారిలో అంతగా కనిపించలేదు. ఉద్యోగులకు ఏటా ప్రేరణ ప్రసంగాలు ఏర్పాటుచేసే సంస్థలు ఈ ఫలితం దగ్గర కొంచెంసేపు ఆగవలసి ఉంది.

నిర్ణయాన్ని కార్మికుల చేతికి తిరిగి ఇచ్చి చూసిన సందర్భాలు లేకపోలేదు. భారతదేశంలో ఎక్కువ మగ్గాలు, తక్కువ మనుషులు అన్న రేషనలైజేషన్ విధానంపై 1928లో బొంబాయి మిల్లు కార్మికులు ఆరునెలలపాటు సమ్మెచేసిన చరిత్ర ఉంది కాబట్టి, స్వాతంత్ర్యానంతరం ఆటోమేటిక్ మగ్గాలు దిగినప్పుడు యజమానులకూ సంఘాలకూ జంకు సహజం. అహ్మదాబాదులోని కాలికో మిల్లులో ఆ మగ్గాలు పెట్టి, టేలర్ పద్ధతి ప్రకారం పనిభారాన్ని జాగ్రత్తగా కొలిచి మనుషులను కేటాయించినా, బట్ట ఆశించినంత రాలేదు, వచ్చినదానిలోనూ లోపాలు ఎక్కువ. మిల్లు అధిపతి గౌతమ్ సారాభాయ్ ఆహ్వానంపై లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ 1953లో వచ్చి ఆ షెడ్డును పరిశీలించాడు.

అక్కడ 224 మగ్గాలు ఉన్నాయి. పనిని పన్నెండు రకాలుగా విడగొట్టారు: మగ్గం నడిపే నేతగాడు ఒకడు, కండెలు నింపేవాడు ఒకడు, పడుగు పోగులు గుంపుగా తెగినప్పుడు అతికేవాడు ఒకడు, అయిపోయిన పడుగు తీసి కొత్తది ఎక్కించేవాడు మరొకడు, ఆపైన మగ్గాలు సరిచేసే జాబర్లు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు. ఒక్కొక్క పనికి పట్టే కాలాన్ని విడివిడిగా కొలిచారు కనుక ఒక్కొక్కరికి కేటాయించిన మగ్గాల సంఖ్య వేరు: నేతగాడికి 24 నుంచి 32, కండెలు నింపేవాడికి 40 నుంచి 50, పోగులు అతికేవాడికి 60 నుంచి 80. కాగితం మీద ఎవరి భారం వారికి సరిగ్గా సరిపోయింది. షెడ్డులో మాత్రం ఒక నేతగాడి మగ్గాలు ఇద్దరు కండెలవాళ్ల హద్దుల మధ్య చీలిపోయేవి, ఒక పోగులవాడు ఒకేసారి ముగ్గురు నేతగాళ్లు పిలిస్తే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియక నిలబడేవాడు. ఎవరికెవరు జతో తేల్చలేని ఈ ఏర్పాటులో ఒక మగ్గం ఆగిపోతే అది ఎవరి బాధ్యతో చెప్పగలిగినవారు లేరు. కొలత తప్పలేదు, కొలిచినది విడివిడి పనులను, మగ్గానికి కావలసింది వాటి కూడిక.

రైస్ సూచన సాదాగా ఉంది: కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి అప్పగించి, లోపలి పనిపంపకాన్ని ఆ బృందానికే వదిలేయాలి. ఈ మాట అధికారుల చర్చలో ఉండగానే కార్మికుల చెవిన పడింది. ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలో వారే తేల్చుకుని, జాబితాలు తయారుచేసుకుని వచ్చారు. 64 మగ్గాలకు ఏడుగురు చొప్పున బృందాలు ఏర్పడ్డాయి, పనుల పేర్లు తగ్గి ఒకరి పని ఒకరు అందుకోవడం మొదలైంది. మొదట్లో ఒడిదుడుకులు వచ్చాయి. అవి సర్దుకున్నాక, దాదాపు 80 శాతంగా ఉన్న మగ్గాల సామర్థ్యం 95 శాతానికి చేరిందనీ, లోపాలున్న బట్ట సుమారు 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గిందనీ రైస్ నమోదు చేశాడు. మార్పుతోపాటు కూలి కూడా పెరిగింది కాబట్టి ఫలితాన్ని పూర్తిగా బృందపు స్వేచ్ఛకే కట్టబెట్టలేమని తరువాతి పరిశీలకులు చేసిన ఆక్షేపణ సబబైనదే. అయితే అంతకుముందు కొలతలు వేసి చేసిన ఏర్పాటు ఆ ఫలితం ఇవ్వలేకపోయిందన్న సంగతి ఆ ఆక్షేపణతో చెరిగిపోదు.

టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ 1970 వరకు ఆ మిల్లులో బృందపద్ధతి పెట్టిన షెడ్ల తీరును మళ్లీ పరిశీలించినప్పుడు ఒకచోట బృందపద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది, తక్కినచోట్ల పాత పద్ధతి మెల్లగా తిరిగివచ్చింది. బజారు గిరాకీ మారి నేత రకాలు పెరిగినప్పుడు, సామాను అందడం ఆలస్యమైనప్పుడు బృందాలమీద ఒత్తిడి పడింది. ఆ ఒత్తిడిని బయటే ఆపవలసిన సూపర్‌వైజర్లు లోపలికి వచ్చి పనులు పంచడం మొదలుపెట్టారు. ఎవరూ బృందాలను రద్దుచేయలేదు. రోజుకొక అత్యవసరం వాటి నిర్ణయాలను ఒక్కొక్కటిగా తీసుకుపోయింది.

స్టాప్‌వాచ్‌కూ కార్మికుడికీ సహజవైరం ఉందనుకునేవారికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల కర్మాగారం సమాధానం చెబుతుంది. గైర్హాజరీ 20 శాతం దాకా పోయి, తగవులతో కుంగిపోయి 1982లో మూతపడిన ఆ జనరల్ మోటార్స్ కర్మాగారాన్ని 1984లో టొయోటాతో కలిసి నమ్మీ అన్న పేరుతో తెరిచినప్పుడు, తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాతవారే, సంఘమూ అదే. పని విభజన టేలర్ కాలం కన్నా సూక్ష్మంగా ఉంది, ప్రతి కదలికకూ ప్రామాణిక కాలం ఉంది. అయితే ఆ కాలాన్ని కొలిచింది జట్టులోని కార్మికులే. ఒకరి పనికి ఒకరు గడియారం పెట్టి, ఏ పద్ధతి సులువో చర్చించి, ఆ పద్ధతిని తామే రాసుకున్నారు. మెరుగైన దారి తోచినవారు దానిని మార్చమని అడగగలిగేవారు, లోపం కనిపిస్తే తాడు లాగి లైనును ఆపగలిగేవారు కూడా. గైర్హాజరీ 3 శాతానికి దిగింది. వాటర్‌టౌన్‌లో సమ్మె తెచ్చిన పరికరమే ఇక్కడ పనివాడి పనిముట్టయింది.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో ఈ చరిత్ర కొత్త పేర్లతో నడుస్తోంది. 2001లో 17 మంది ప్రోగ్రామర్లు ప్రకటించిన ఎజైల్ పద్ధతికి ఆధారమే, పనిని చేసే బృందం దానిని ఎలా చేయాలో తానే తేల్చుకోవాలన్నది. ఆ పద్ధతి పాటించే చాలాచోట్ల రెండేసి వారాలకు పని తీసుకుంటూ, ఒక్కొక్క పని ఎంత కష్టమో బృందమే కూర్చుని పాయింట్లలో అంచనా వేసుకుంటుంది. పాయింటు గంటలకు కొలమానం కాదు, జీతానికీ దానికీ సంబంధం లేదు. వచ్చే రెండు వారాలకు ఎంత తలకెత్తుకోవచ్చో తమకు తాము చెప్పుకునే లెక్క మాత్రమే. ఆ పాయింట్లను మేనేజరు ఒక పట్టికలో చేర్చి ఒక బృందాన్ని మరొక బృందంతో పోల్చడం, ఏడాది చివర అప్రైజల్‌లో వాటిని ప్రస్తావించడం మొదలుపెట్టిన చోట, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే నిన్నటి మూడు పాయింట్ల పని ఇవాళ ఐదవుతుంది, తొందరగా ముగించినవారు ఆ సంగతిని శుక్రవారం దాకా బయటపెట్టరు, పట్టికలో గీత మాత్రం ప్రతి రెండు వారాలకూ నిలకడగా కనిపిస్తుంది.